డ్రిల్లు మాస్టరు రహీం సాబ్

బి.ఎస్సీ. (ఎం.పి.సి.) ఫైనలియర్ విద్యార్థి, నెక్కొండ

కోచ్ అన్న మాటకు తెలుగులో ఇంకా సరియైన పదం కుదరలేదు. శిక్షకుడు అందామంటే అందులో శిక్ష ముందు కనబడుతుంది. గురువు అందామంటే గురువు గారికి ఈల ఉండదు, చెమట ఉండదు. మా నెక్కొండ దిక్కు బడిలో ఆటలు నేర్పే మనిషిని ‘డ్రిల్లు సారు’ అంటారు. ఆ పిలుపులో గౌరవం ఎంత, చులకన ఎంత అన్నది పిలిచేవాడి గొంతును బట్టి ఉంటుంది. లెక్కల సారుకు ఎదురుపడితే సైకిల్ దిగే ఊరు, డ్రిల్లు సారుకు సైకిల్ మీంచే నమస్తే పెడుతుంది.

అటువంటి ఒక డ్రిల్లు సారు భారతదేశానికి ఫుట్‌బాల్‌లో రెండు ఆసియా క్రీడల బంగారు పతకాలు, ఒలింపిక్స్‌లో ఒక నాలుగో స్థానం తెచ్చిపెట్టాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు మనిషి. ఆయన తరువాత ఇప్పటిదాకా ఆ మూడింటిలో ఏ ఒక్కటీ మళ్ళీ మన దేశానికి రాలేదు. ఈ సంగతి నాకు రెండేండ్ల క్రితం వరకు తెలియదు. 2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది, దానిలో అజయ్ దేవగణ్ రహీం పాత్ర వేశాడు. హాస్టల్ మిత్రులతో పోయి చూసిన. సినిమా సినిమాయే. ఏది నిజం, ఏది కల్పన అన్న అనుమానంతో లైబ్రరీ పట్టుకొని చదవడం మొదలుపెట్టిన. చదివినదానిలో నాకు రూఢిగా తేలిన విషయాలను ఈ సంచిక ద్వారా తోటి విద్యార్థుల ముందు, అధ్యాపకుల ముందు, పూర్వ విద్యార్థుల ముందు పెడుతున్నాను.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివాడు. ఆనాడు ఉస్మానియాలో బోధన ఉర్దూలో జరిగేది. చదువుతూనే విశ్వవిద్యాలయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడాడు, తరువాత నగరంలోని ఖమర్ క్లబ్బుకూ ఆడాడు. కాని ఆటగాడిగా ఆయన పేరు దేశానికి తెలియలేదు. వృత్తి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన చోట్లు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకొని, తరగతి గది నుండి మైదానంలోకి దిగాడు. డిగ్రీ ఉండి, పాఠాలు చెప్పుకునే ఉద్యోగం చేతిలో ఉండి, మళ్ళీ డిప్లొమా చదివి డ్రిల్లు మాస్టరు కావడం అంటే ఆనాటి లెక్కలో ఒక మెట్టు కిందికి దిగడమే. ఈనాటి లెక్కలో కూడా అంతే. ఈ మాట ఎందుకంటున్నానో ముందు ముందు చెబుతాను.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యాడు. చనిపోయేవరకు, అంటే ఇరవై ఏండ్లు, ఆ పదవిలో ఉన్నాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ కాలం ఎటువంటిదో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. మా తాత తరం వాళ్ళు ఆ రోజులను తలచుకుంటే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. అటువంటి నగరంలో, కానిస్టేబుళ్ళతో కూడిన ఒక జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా వాళ్ళకు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే ప్రాణం కదా. ఆ మోహన్ బగాన్‌ను 1950 డ్యూరాండ్ ఫైనల్లో, ఆ ఈస్ట్ బెంగాల్‌ను 1957 డ్యూరాండ్ ఫైనల్లో మన పోలీసులు ఓడించారు. 1954లోనూ డ్యూరాండ్ మనదే. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వరుసగా రెండుసార్లు, 1956-57లోనూ 1957-58లోనూ వచ్చింది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ మనిషి ఏం నేర్పాడు? ఎట్లా నేర్పాడు? గెలుపుల పట్టిక ఎవరైనా రాస్తారు. సైన్సు విద్యార్థిగా నాకు పనికొచ్చింది ఆయన పద్ధతి.

రహీం బడిపిల్లలకు, కుర్రజట్లకు వింత వింత నియమాలతో పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. అంటే బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ పరుగెత్తకూడదు, వచ్చిన బంతిని వెంటనే ఇంకొకరికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. పైకి చూస్తే ఇది పిల్లల ఆట లాగుంటుంది. కొంచెం లెక్క వేసి చూద్దాం.

ఒక మంచి పాస్‌లో బంతి సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో పోతుందనుకోండి. బంతిని కాలితో నడిపిస్తూ పరుగెత్తేవాడి వేగం సెకనుకు అయిదు మీటర్లు అనుకుందాం. ఇరవై మీటర్ల దూరం దాటడానికి బంతికి సెకనున్నర కూడా పట్టదు, మనిషికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ మిగిలిన రెండున్నర సెకన్లలో ఎదుటి జట్టు డిఫెండరు పది పదిహేను మీటర్లు సర్దుకుంటాడు. అంటే డ్రిబ్లింగ్ చేసేవాడు, ఎంత గొప్పగా చేసినా, ఎదుటివాడికి టైము దానం చేస్తున్నాడు. మరి చప్పట్లు మాత్రం డ్రిబ్లింగ్‌కే పడతాయి! ఆనాటి భారత ఆటగాళ్ళు బంతిని కాలికి అంటించుకున్నట్టు ఆడేవారు, జనం మురిసిపోయేవారు. రహీం ఆ చప్పట్లను పిల్లప్పుడే మాన్పించే ప్రయత్నం చేశాడు.

ఎడమకాలి సంగతి ఇంకా సూక్ష్మమైనది. కుడికాలు మాత్రమే వచ్చినవాడు, బంతి ఎడమ పక్కకు వస్తే ఒక అడుగు వేసి శరీరం తిప్పుకోవాలి. అది అర సెకను పని. ఆ అర సెకను ఎదుటివాడికి తెలిసిపోతుంది కూడాను, వీడు ఇటే తిరుగుతాడని. రెండు కాళ్ళూ వచ్చినవాడు ఎటు తిరుగుతాడో ఎవరికీ తెలియదు.

ఇక్కడ నా సొంత ముచ్చట ఒకటి. నేను చదివిన బడి పేరు ఎందుకు గాని, అందులో మాకొక డ్రిల్లు సారు ఉండేవారు. కబడ్డీలో నేను ఎప్పుడూ కుడిచేత్తోనే తాకేవాడిని. సారు ఒకరోజు నా కుడిచేతిని నా నిక్కరు నాడాకు తువ్వాలతో కట్టేసి, ‘ఇప్పుడు పో కూతకు’ అన్నారు. వారం రోజులు అట్లే ఆడించారు. అందరూ నవ్విండ్రు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడు మండల పోటీల్లో నేను ఎడమచేత్తో తాకి తెచ్చిన పాయింట్లే ఎక్కువ. సారుకు రహీం పేరు తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన రిటైరైనాక ఆ పోస్టులోకి ఇంకెవరూ రాలేదు. బడి మైదానంలో ఎండాకాలం మిర్చి ఆరబోస్తున్నారు. ఆరబోసేవాళ్ళలో మావాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడలేను.

రహీం భారత జట్టు కోచ్‌గా మొదటి గెలుపు 1951 మార్చిలో, ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో. ఫైనల్లో ఇరాన్ మీద 1-0. గోలు కొట్టినవాడు మేవాలాల్. దేశమంతా సంబరపడింది. తరువాతి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది. మనవైపు ఒక్కటి, అహ్మద్ ఖాన్ కొట్టింది. 10-1 అన్న స్కోరు చూస్తే ఫుట్‌బాల్‌దా, కబడ్డీదా అన్న అనుమానం వస్తుంది.

ఆ మ్యాచిలో మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. వట్టికాళ్ళతో ఆడటం అప్పుడు మన దేశంలో మామూలే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో అట్లాగే ఆడి ఫ్రాన్స్‌కు 2-1 తేడాతో గట్టి పోటీ ఇచ్చారు. వట్టికాళ్ళ ఆటను పేదరికం కింద జమకట్టి జాలిపడటం కొందరికి అలవాటు. అది పూర్తిగా సరికాదు. పొడి నేల మీద వట్టికాలికి బంతి స్పర్శ బాగా తెలుస్తుంది, అదొక విద్య. కాని చలిదేశపు తడిగడ్డి మీద లెక్క మారుతుంది. మనం ఫిజిక్స్‌లో చదువుకున్న ఘర్షణ గుణకం తడి పచ్చిక మీద బాగా పడిపోతుంది. పరుగెత్తేవాడు ఆగాలన్నా, తిరగాలన్నా, నేల వాడిని వెనక్కి నెట్టాలి. నెట్టకపోతే జారుతాడు. బూటు కింది మేకులు ఏం చేస్తాయంటే, ఘర్షణ మీద ఆధారపడకుండా మట్టిలోకి దిగి మట్టినే పట్టుకుంటాయి. రైతు బిడ్డలకు ఇది చెప్పే పని లేదు. కరిగెట్ట దున్నేటప్పుడు ట్రాక్టరు రబ్బరు టైర్లు తిరిగినచోటే తిరుగుతాయి. ఇనుప కేజివీల్స్ తొడిగితే బురదను కొరుక్కుంటూ ముందుకు పోతుంది. హెల్సింకీలో మనవాళ్ళు రబ్బరు టైర్లతో కరిగెట్టలో దిగారు.

ఆ ఓటమి తరువాత మన దేశంలో బూట్లతో ఆడటం తప్పనిసరి చేశారు. అయితే ఓటమి అంతా బూట్ల మీదికి నెట్టేస్తే మనం మనల్ని మోసం చేసుకున్నట్టే. యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా పోయిన జట్టు. వాళ్ళు నిలబడే వరుస వేరు, మనం నిలబడే వరుస వేరు. మనవాళ్ళలో ఎక్కువమందికి అలవాటైనది పాత పద్ధతి. వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. ఐదుగురు ముందుకు పరుగెత్తితే ఇంటి దగ్గర కాపలా ఇద్దరే.

ఇక్కడ ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఆనాడు జరుగుతున్న మార్పు కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లండు జట్లు వెనక ముగ్గురిని నిలిపే పద్ధతిలో ఆడేవి. ఆ ముగ్గురిలో నడిమివాడి పని ఎదుటి జట్టు సెంటర్ ఫార్వర్డ్‌ను నీడలాగా వెంబడించడం. 1953 నవంబరులో హంగరీ వాళ్ళు లండన్‌లోని వెంబ్లీకి పోయి ఒక చమత్కారం చేశారు. తమ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటిని ముందు నిలపకుండా మధ్యలోకి వెనక్కి జరిపారు. ఇప్పుడు ఆ నీడ ఏం చేయాలి? వెంట పోతే గోలు ముందు జాగా ఖాళీ. పోకపోతే హిడెగ్‌కుటికి అడ్డం లేదు. ఇంగ్లండు సొంత గడ్డ మీద 6-3తో ఓడిపోయింది. ఆ దారిలోనే పెరిగి వచ్చిన 4-2-4 వరుసతో 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచింది.

మన హైదరాబాదు డ్రిల్లు మాస్టరు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లోనే ఆ 4-2-4కు దగ్గరి పద్ధతిని భారత జట్టుతో ఆడించాడు. బ్రెజిల్ వాళ్ళకు రహీమే నేర్పాడని కొందరు మురిపెంగా చెబుతారు. నేను అంత దూరం పోను. ఒకే సమస్యకు వేర్వేరు చోట్ల ఉన్న తెలివైనవాళ్ళు ఒకే జవాబు కనుక్కోవడం సైన్సు చరిత్రలో కొత్తకాదు. టీవీ లేని కాలంలో, చాదర్‌ఘాట్‌లో కూర్చొని, బొంబాయికీ ఢిల్లీకీ పోలీసు జట్టును వెంటబెట్టుకొని తిరుగుతూ, ఆ జవాబు దగ్గరికి రాగలిగాడన్నదే చాలు.

మెల్‌బోర్న్‌లో మొదటి రౌండులో హంగరీ రాకపోవడంతో మనకు వాకోవర్ దొరికింది. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వాళ్ళ ఊళ్ళోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. నాలుగేండ్ల కిందట పది కొట్టినవాళ్ళు. మొదటి గోలు ఎవరు కొట్టారు? మనవాళ్ళే, నెవిల్ డిసౌజా! తరువాత వాళ్ళు నాలుగు కొట్టి గెలిచారనుకోండి. మూడో స్థానం ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. 10-1 నుండి 4-1. ఓటమి ఓటమే గాని, ఈ రెండు ఓటముల మధ్య ఉన్న దూరమే రహీం చేసిన పని.

ఆ జట్టులో హైదరాబాదు నేల మీద తయారైనవాళ్ళు పలువురు ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, వారితోబాటు తులసీదాస్ బలరాం. బలరాం సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రవాడు, పేదింటి బిడ్డ. రహీం కంటబడి ప్రాక్టీసుకు రమ్మంటే, అంత దూరం వచ్చిపోయే ఖర్చు పెట్టుకోలేనన్నాడనీ, అప్పుడు రహీం అతనికి ఒక సైకిల్ ఏర్పాటు చేశాడనీ బలరాం కథ చెప్పేవాళ్ళంతా చెబుతారు. మెల్‌బోర్న్ నాటికి అతని వయసు ఇరవై. ఇప్పుడు నా వయసూ అంతే. నేను ఒలింపిక్స్ సంగతి అటుంచి, కాజీపేట దాటి ఆడటానికి పోయింది రెండుసార్లు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనం హంగరీతో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో నిలిచి, పెరూతో 3-1తో ఓడాం. ఆ మూడు గోల్స్‌లో రెండు బలరాం కొట్టినవి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఆడటం అదే ఆఖరు. బలరాం 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు. తెలుగునేల మీద పుట్టినవాళ్ళలో అంతటి ఫుట్‌బాల్ ఆటగాడు ఇంకొకరు లేరని నా అభిప్రాయం, కాదనేవారుంటే క్యాంటీన్‌లో వాదనకు నేను సిద్ధం.

ఇప్పుడు జకార్తా. 1962 ఆగస్టు, సెప్టెంబరు. ఇండోనేషియా ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానీయలేదు. ఆ పని తప్పని భారత క్రీడా ప్రతినిధి జి.డి. సోంధీ గట్టిగా అన్నాడు. దానితో జకార్తా జనానికి మనవాళ్ళ మీద కోపం వచ్చింది. మన జట్టు ఎక్కడ ఆడినా గోల చేశారు, మన జాతీయగీతం వచ్చినప్పుడు కూడా ఊరుకోలేదు. ఇది బయటి కష్టం. లోపలి కష్టం ఇంకా పెద్దది. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచాం గాని, ఆ ఆటలో మన వెనకవరుస కొండ, జర్నైల్ సింగ్, తలకు దెబ్బ తగిలి కుట్లు వేయించుకోవలసి వచ్చింది. జపాన్‌ను 2-0తో గెలిచి సెమీఫైనల్‌కు చేరేసరికి రహీం చేతిలో ఉన్నది దెబ్బలు తిన్న జట్టు.

ఇక్కడ ఆయన చేసిన పని చూడండి. తలకు కుట్లు ఉన్న డిఫెండరును పక్కన కూర్చోబెట్టలేదు. అలాగని వెనక నిలబెట్టి తలతో బంతులు కొట్టించనూ లేదు. తీసుకపోయి ముందు, సెంటర్ ఫార్వర్డ్ జాగాలో నిలిపాడు! ఎదుటి డిఫెండర్లకు ఆ బలిష్ఠుడిని ఎట్లా పట్టాలో అంతుబట్టలేదు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపు. చునీ గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ ఒకటి. ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. గోల్‌లో తంగరాజ్, జ్వరం నుంచి లేచి వచ్చినవాడు. అతనూ మన హైదరాబాదులో పుట్టినవాడే. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ సింగ్ గోలు. కొరియా ఒకటి కొట్టేసరికి ఆట ఎనభై అయిదో నిమిషానికి వచ్చింది. 2-1. ఆ గోల చేసే స్టేడియంలో మన పక్షాన అరిచినవాళ్ళు ఎవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు.

ఫైనల్ ముందురోజు రాత్రి రహీం ఆటగాళ్ళను పిలిచి, రేపు మీ దగ్గరనుంచి నాకొక బహుమానం కావాలని అడిగాడట. ఆ బహుమానం బంగారు పతకమే. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సరు ఉంది. 1963 జూన్ 11న, యాభై మూడేండ్ల వయసులో ఆయన మరణించాడు.

నాకు బాధ కలిగించే విషయం మరణం తరువాతది. బ్రతికి ఉండగా ఆయనకు పెద్ద ప్రభుత్వ గౌరవమేదీ దక్కలేదు. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు పెట్టిందే 1985లో. ఫుట్‌బాల్‌లో దానిని 1990లో అందుకున్న సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదువాడే కావడం కొంత ఊరట. రహీం కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నాడు, వైమానిక దళంలో పనిచేశాడు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొందాడు, 2021 ఆగస్టులో మరణించాడు. అవార్డుల సంగతి అటుంచండి. రహీం వేసిన నారు ఏమైంది? 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ ఒకసారి వచ్చింది. అది కూడా ఆయన తయారుచేసిన తరం ఆడుతున్న రోజులే. ఆ తరువాత మన రాష్ట్రానికి అది రాలేదు. 2022 మార్చిలో హైదరాబాదు ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నేనూ గంతులేసిన. కాని దాని కోచ్ స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్. ఆయన మంచి కోచే, అందులో అనుమానం లేదు. నా ప్రశ్న వేరు. ఒకప్పుడు చాదర్‌ఘాట్ బడిలో దొరికిన మనిషి కోసం ఇప్పుడు స్పెయిన్ దాకా ఎందుకు పోవలసి వస్తున్నది?

మా నాన్నగారితో ఈ సంగతి అన్నప్పుడు, ఆయన పత్తి ఏరుతూ, తల ఎత్తకుండా, ‘ఆ సారుకు జీతమెంత ఉండె?’ అని అడిగిండు. నాకు తెలియదన్నాను. ‘అది తెలుసుకోని రా, తర్వాత మాట్లాడుదాం’ అన్నాడు. ఈ మాట వెనక ఒక కథ ఉంది. నేను బి.ఎస్సీ. అయినాక ఎం.ఎస్సీ. చదవాలని ఇంట్లో కోరిక. నాకు బి.పి.ఎడ్. చేయాలని ఉంది. లెక్కలు వచ్చిన పిల్లగాడు ఈల పట్టుకుంటా అంటే, మూడెకరాల మీద అప్పు తెచ్చి చదివించిన తండ్రికి ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. డిగ్రీ ఉండి డిప్లొమా చదివి ఒక మెట్టు కిందికి దిగిన రహీం గురించి పైన అంత నొక్కి చెప్పింది ఇందుకే.

బాపు ప్రశ్నకు రహీం జీతంతో జవాబు చెప్పలేను గాని, మా పక్క ఊరిని చూపించగలను. నెక్కొండకు దగ్గరలోనే, పర్వతగిరి మండలంలో కల్లెడ ఉంది. అక్కడి వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు పోయింది. అదే ఊరి జీవాంజి దీప్తి, కూలి చేసుకునేవాళ్ళ బిడ్డ, 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఆమెకు తర్ఫీదు ఇచ్చినవాడు ద్రోణాచార్య అవార్డు గ్రహీత నాగపురి రమేశ్. కాని అంతకన్నా ముందు ఆమె పరుగును బడి మైదానంలో గుర్తుపట్టింది బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ ఒక్క చూపు లేకుంటే ఆ పిల్ల ఇవాళ ఏ పొలంలో కలుపు తీస్తుండేదో! బలరాంకు సైకిల్ దొరికినట్టే ఇది కూడా.

మొన్న సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు, వరి కోసిన మా మడిలో ముగ్గుపిండితో గీతలు గీసి, వాడపిల్లలు పద్నాలుగు మందితో ఒక పోటీ పెట్టిన. బంతి వరంగల్‌లో కొన్నది. నియమం ఒక్కటే, ఎడమకాలితోనే ఆడాలి. ఎవడైనా కుడికాలు పెడితే బంతి అవతలివాళ్ళకు. మొదటి పావుగంట ఎవడికీ బంతి తగలలేదు, తగిలినవాడు తన్నితే ఒడ్డు అవతల మిర్చి చేలో పడింది. ముగ్గురు కింద పడ్డారు. వరి కొయ్యలు గుచ్చుకుంటున్నాయని ఒకడు ఇంటికి పోతనన్నాడు. అరగంట అయినాక చిన్న తేడా కనిపించింది. పిల్లలు బంతి దగ్గరికి ఉరకడం మానేసి, బంతి వచ్చే చోటికి ముందే పోయి నిలబడుతున్నారు. వాటం లేని కాలితో డ్రిబ్లింగ్ సాగదు కదా, అందుకే పాస్‌లు మొదలైనయ్. ఈ సంగతి నేను వాళ్ళకు చెప్పలేదు. నియమమే చెప్పింది.

బాపు ఒడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. చాలాసేపు చూసిండు. చివరికి, ‘ఆ ఎర్ర అంగీ పోరడు కుడికాలు పెట్టిండు, నువ్వు చూడలే’ అన్నాడు.